ఇంటికొకరు

అవినాష్ అసోసియేషన్ ఆఫీసులోకి వెళ్ళి ఇరవై నిమిషాలైంది, ఇంకా రాలేదు, వస్తాడు, వచ్చి ఏమంటాడో కూడా నాకు తెలుసు, ఏం కాదులే ఉమా అంటాడు, ఈ మనిషికి లోకంలో ఏదీ ఏమీ కాదు, మూసాపేటలో మా ఇంటి ఓనర్లు చెప్పాపెట్టకుండా నీళ్ళ మోటారు ఆపేస్తే ఏం కాదు, బాలానగర్ ఫ్యాక్టరీలో ఇతని దగ్గర పని నేర్చుకున్నవాడే ఇతనికి పైవాడై కూర్చుంటే ఏం కాదు, ఇప్పుడు పెళ్ళాన్నీ ఏడేళ్ళ కూతుర్నీ ఎండలో కారులో కూర్చోబెట్టి ఎవరో గేటు తియ్యనంటే అదీ ఏం కాదు. తొమ్మిదేళ్ళుగా వింటున్నాను ఈ మాట. గట్టిగా అడిగితే పది నిమిషాల్లో అయ్యే పనికి గంటసేపు అండీ అండీ అంటూ నవ్వుతూ నిలబడతాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, టీ ఇస్తే తాగుతాడు. నేనే వెళ్ళాల్సింది. వెనకసీట్లో రసజ్ఞ నోరు తెరుచుకుని నిద్రపోతోంది, లేపితే గోల, వదిలి వెళ్ళడానికి మనసొప్పదు, అందుకని ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఎర్రచారల అడ్డకర్రను చూస్తూ కూర్చున్నాను. దాని అవతల రోడ్డు కనిపిస్తూనే ఉంది, పట్టుమని పదడుగులు లేదు, నీళ్ళ ట్యాంకరు ఒకటి పోయింది, స్కూటీ మీద ఇద్దరమ్మాయిలు పోయారు, చెరుకురసం బండాయన గొడుగు నీడ కోసం జరుగుతున్నాడు. శనివారం సాయంత్రం నాలుగున్నర, అంతా మామూలుగానే ఉంది.

మొదటిసారి కర్ర లేవనప్పుడు నేను నవ్వాను కూడా. కాపలా ఆయన తన టాబ్లెట్ తెచ్చి కిటికీలోంచి చూపించాడు, సి బ్లాకు, ఏడువందల నాలుగు, నివాసులు ముగ్గురు, ముగ్గురూ ఒకేసారి బయటికి వెళ్ళడానికి అనుమతి లేదు, అని ఎర్రక్షరాల్లో ఉంది. నివాసులేమిటి, మేం భోజనానికి పిలిస్తే వచ్చాం, ఆ ఇల్లు జ్యోత్స్నది, నాతో పనిచేస్తుంది, పొద్దున పదకొండుకి మమ్మల్ని లోపలికి పంపింది మీరే కదా అన్నాను. ఆయన పేరు ఎల్లేశం, చొక్కా మీద రాసుంది, యాభై దాటి ఉంటాయి, పొద్దున చూసినప్పుడు పెద్దమనిషిలా కనిపించాడు. "నాకేం ఎర్కమ్మా, ఇండ్ల గట్లనే వస్తున్నది. ఆఫీసుల అడుగుండ్రి జర" అన్నాడు, నా మొహం వైపు చూడకుండా. అవినాష్ దిగాడు, చొక్కా సర్దుకున్నాడు, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. పన్నెండేళ్ళుగా నా ఉద్యోగమే ఇతరుల తప్పులు పట్టుకోవడం, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో వాడేవాళ్ళకంటే ముందు కనిపెట్టి చెప్పడం, కాబట్టి ఆ ఎర్రక్షరాలు చూడగానే నాకు తట్టింది ఇదే, ఎవరో తింగరివాడు సందర్శకుల పట్టికనీ నివాసుల పట్టికనీ కలిపేశాడు, సోమవారం సరిచేస్తారు, ఈలోపు మనుషుల ప్రాణం తీస్తారు.

జ్యోత్స్న ఫోన్ ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను. తిన్న కంచాలు ఇంకా సింకులో ఉండి ఉంటాయి, చేతులు తడిగా ఉండి ఉంటాయి అనుకుందామంటే ఇంతసేపా. అసలు ఆ మనిషి పిలుపుకి ఒప్పుకోవడమే నా బుద్ధితక్కువతనం. రెండేళ్ళ కిందట ఈ నిశ్చింత టౌన్‌షిప్‌లో ఇల్లు తీసుకున్న దగ్గర్నుంచి జ్యోత్స్న ఆఫీసుకి రావడం మానేసింది, అంతకుముందు మేమిద్దరం పక్కపక్క సీట్లు, మైండ్‌స్పేస్ ఫుడ్‌కోర్టులో ఒకే ప్లేటు బిర్యానీ, మెట్రోలో ఒకే కడ్డీ పట్టుకుని నిలబడటం, తన పెళ్ళిలో అప్పగింతలప్పుడు వాళ్ళమ్మ కంటే నేనే ఎక్కువ ఏడ్చానని ఫొటోలు చూసి నవ్వేవాళ్ళు. అలాంటిది ఇల్లు మారగానే ఇంటి నుంచే పని అంది, టీం లంచ్‌కి రాదు, మా టీంలో భాస్కర్ రిటైరవుతుంటే రాలేదు, నా ఆపరేషన్‌కి దవాఖానకి రాలేదు, పళ్ళు మాత్రం వాళ్ళాయన దినేశ్ చేత పంపింది. ఆఖరికి గజ్వేలులో వాళ్ళమ్మ పోతే కూడా వెళ్ళలేదు. దినేశూ పిల్లాడూ వెళ్ళారట, ఈవిడ వీడియో కాల్‌లో చూసిందట, ఆ మర్నాడు పదింటికి కెమెరా పెట్టుకుని మీటింగులో కూర్చుంది, వెనక అదే నీలం కర్టెను. ఏం మనిషిరా బాబూ అని అందరికంటే ఎక్కువ అన్నది నేనే. సొంత ఇల్లు రాగానే కొవ్వెక్కింది అన్నాను, తల్లి శవానికి కూడా గడప దాటలేదంటే ఇది మనిషి కాదు అన్నాను, లిఫ్టులో, క్యాంటీనులో, తన వెనక. నన్ను మాత్రం వదల్లేదు, రావే ఉమా, ఒక్కసారి ఇల్లు చూసిపోదువు, మీరు కూడా ఇల్లు చూస్తున్నరు గద, పిల్లకు మంచిగుంటది, అని పండక్కీ పుట్టినరోజుకీ పిలిచేది. పదకొండుసార్లు ఏదో ఒక సాకు చెప్పాను. పన్నెండోసారి అవినాష్ పక్కనుండి, పాపం అంతలా పిలుస్తోంది వెళ్దాం అన్నాడు. ఎవరడిగారు ఇతన్ని.

నల్లగండ్ల దాటాక రోడ్డు రెండుగా చీలి, ఆ తర్వాత ఒక మలుపు, ఇంకో మలుపు, చుట్టూ సగం కట్టిన టవర్లు, మధ్యలో ఇది, పదకొండు బ్లాకులు, చుట్టూ ఎత్తైన గోడ. లోపలే బడి, లోపలే కూరగాయలు, లోపలే గుడి, డాక్టరు, టైలరు. "దీన్ని అపార్టుమెంటు అనకండమ్మా, చిన్న ఊరు అనుకోండి" అన్నాడు శ్రీనివాసరావు గారని అసోసియేషన్ కార్యదర్శి, గోదావరి జిల్లాల మనిషి, ఏదో శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడట, భోజనానికి ముందు మమ్మల్ని తనే తిప్పి చూపించాడు. అప్పుడే నాకు ఏదో అనిపించింది, అనిపించి ఊరుకున్నాను, అదే కదా నా మీద నాకు మంట. ప్రతి బాల్కనీలో ఒకరున్నారు. ఇద్దరు కాదు, ముగ్గురు కాదు, ఒక్కరు. ఒక బాల్కనీలో ముసలాయన కుర్చీలో, పక్కదానిలో నైటీ వేసుకున్న అమ్మాయి రెయిలింగు పట్టుకుని, పైదానిలో కాలేజీ కుర్రాడు, ఏడంతస్తులు, పదంతస్తులు, అందరూ గేటు వైపే చూస్తున్నారు. కింద పిల్లలు ఆడుకుంటున్నారు, కార్లు వస్తున్నాయి పోతున్నాయి, పైవాళ్ళు మాత్రం కదలరు. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నాడు అవినాష్. రసజ్ఞ వాళ్ళలో ఒకావిడకి చెయ్యి ఊపింది, ఆవిడ తిరిగి ఊపలేదు, వేళ్ళు మడిచి మమ్మల్ని లెక్కపెట్టుకుంది. నేను చూశాను. చూసి, లిఫ్టు వచ్చింది కదా ఎక్కేశాను.

భోజనం మాత్రం బాగా పెట్టింది. పచ్చిపులుసు, తలకాయ కూర, సర్వపిండి, నాకిష్టమని గోంగూర కూడా. తను తినలేదు, తర్వాత తింటానంది. చిక్కిపోయింది, కళ్ళ కింద నలుపు, జడలో తెల్లవెంట్రుకలు, ముప్పైయారేళ్ళకి. రసజ్ఞ తల మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. దినేశ్ ప్లేటు వంకే చూస్తూ తిన్నాడు. తలుపు వెనక మూడు సూట్‌కేసులు సర్ది ఉన్నాయి, ఎక్కడికే ప్రయాణం అనడిగితే, ఎటో ఒక దిక్కు అంది జ్యోత్స్న, అని నవ్వింది, ఆ నవ్వు రెండేళ్ళ కిందటి నవ్వు, అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో, అనవసరంగా దీన్ని తిట్టుకున్నానని సిగ్గుపడ్డాను కూడా. వచ్చేటప్పుడు గడప దగ్గర గట్టిగా పట్టుకుంది. నా భుజం తడిసింది, ఉక్కపోత అనుకున్నాను.

ఇంకో కారు వచ్చింది పక్క వరసలోకి. తెల్లది. దినేశ్ కారు. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది, వచ్చేశారు, మా సంగతి తెలిసి వచ్చేశారు, ఇదిగో వాళ్ళే చెప్తారు ఎల్లేశానికి అనుకుని అద్దం దించాను. దినేశ్ ఇటు తిరగలేదు. వెనక పిల్లాడు, సూట్‌కేసులు. ముందుసీట్లో జ్యోత్స్న. నేను పిలిచాను, జ్యోత్స్నా, ఇటు చూడవే, మా పేర్లు మీ ఇంటికి ఎక్కాయట, ఇదేదో చెప్పు ఈయనకి. చూసింది. ఇంత దూరంలో, కిటికీకీ కిటికీకీ మధ్య మూరెడు కూడా లేదు, నా కళ్ళలోకి చూసింది. వాళ్ళ కర్ర లేచింది. కారు గేటు దాటగానే తను చెయ్యి కిటికీలోంచి బయటపెట్టింది, మోచేతి దాకా, గాలి తగిలేలా, ఐదు వేళ్ళూ చాపి, అలాగే పోయింది మలుపు తిరిగేదాకా. హారన్ మీద చెయ్యి వేసి నొక్కబోయి, రసజ్ఞ లేస్తుందని ఆగాను. చూడండి, అప్పుడు కూడా పిల్ల నిద్ర గురించే ఆలోచించాను.

దిగి ఎల్లేశం దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళు మండిపోతోంది. వాళ్ళు ముగ్గురు వెళ్ళారు కదా, వాళ్ళకి తెరిచి మాకెందుకు తెరవవు అనడిగాను. అప్పుడే బయటినుంచి ఒకావిడ టిఫిన్ క్యారియరు పట్టుకుని వచ్చింది, ముదురాకుపచ్చ చీర, నెత్తిన కొంగు, గేటు గీత దగ్గరికొచ్చి ఆగిపోయింది, చెప్పులు గీతకి ఇవతల పడకుండా చూసుకుని, చెయ్యి మాత్రం చాపి క్యారియరు ఇచ్చింది, ఎల్లేశం ఇటునుంచి చెయ్యి చాపి అందుకున్నాడు. ఇద్దరి వేళ్ళూ కాసేపు ఆ పిడి మీదే ఉన్నాయి. "మా ఇంటామె, భూలక్ష్మి" అన్నాడు. "గా గోడ అవుతలనే మా ఇల్లు. ఇది కట్టినప్పటి సంది నేను ఇండ్లనే ఉన్నమ్మా. మా భూమి పోయిన కాడ నాకో రూము ఇచ్చిన్రు, రూముకు గూడ మనిషుండాలె అన్నరు." నాకు అర్థం కాలేదు. ఆయన పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "ఇక్కడ ఇంటికొకరు ఉండాలెనమ్మా. పగలైనా రాత్రైనా. మిగిలినోళ్ళు యాడికన్న పోవచ్చు, రావచ్చు, ఫికర్ లేదు. ఒక్కరు మాత్రం ఉండాలె. ఇల్లు ఇంకొకరి పేరు మీదికి మారితేనే ఆ ఒక్కరు బయట పడుతరు. జ్యోత్స్న మేడం రెండేండ్లు చూసింది పాపం. పిలిస్తే ఎవరొస్తరు."

ఉండకపోతే ఏమవుతుంది అనడిగాను, వెటకారంగానే అడిగాను. భూలక్ష్మి అవతలినుంచి, "చెప్పు, చెప్పకుంటే ఆమె కర్ర గుద్దుకుని పోతది" అంది. మొదటి ఏడాది బి బ్లాకులో ఒక కుటుంబం ఇవన్నీ నమ్మలేదట, నలుగురు, పొద్దున్నే కారేసుకుని కర్ర విరగ్గొట్టుకుని పోయారట. "బండి పోయిందమ్మా. నల్లగండ్ల సర్కిల్ కాడ దొరికింది, ఇంజను నడుస్తనే ఉన్నది, ఏసీ నడుస్తనే ఉన్నది, సీటుబెల్టులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నయి. మనుషులు లేరు" అన్నాడు ఎల్లేశం. నేను నవ్వుదామనుకున్నాను. ఆయన తల వంచుకుని క్యారియరు మూత తీస్తున్నాడు, భూలక్ష్మి నా వైపు చూస్తోంది, ఆ చూపులో జాలి ఉంది, కథలు చెప్పేవాళ్ళ చూపు కాదది. నేను కారులోకి వచ్చి తలుపులు లాక్ చేసుకున్నాను. పోలీసులకి ఫోన్ చేద్దామంటే ఏమని చెప్పను, భోజనానికి వచ్చాను, ఇప్పుడు ఇల్లు నా పేరున ఉందట, వదలడం లేదు అనా. వాళ్ళైనా నవ్వుతారు.

ఇల్లు మా పేరు మీదికి ఎలా మారింది అన్నది అప్పుడు ఆలోచించాను. రిజిస్ట్రేషన్ లేదు, కాగితాల్లేవు. అవినాష్ పొద్దున గేటు దగ్గర దిగి సందర్శకుల పుస్తకంలో పేరు, బండి నంబరు రాసి సంతకం పెట్టాడు, అదొక్కటే. ఇతను ఎక్కడ చూపిస్తే అక్కడ చదవకుండా సంతకం పెట్టే రకం, ఫ్రిజ్జు వారంటీ దగ్గర్నుంచి బడి ఫారం దాకా, ఇదీ అలాంటిదే అయ్యుంటుంది, రానీ చెప్తాను, అని పళ్ళు నూరుకుంటూ ఫోన్ తీశాను, ఇంకోసారి జ్యోత్స్నకి చేద్దామని. మెసేజీలు కనిపించాయి. పొద్దున పదకొండు గంటల రెండు నిమిషాలకి ఒకటి. గేటు దగ్గర ఓటీపీ వస్తది, ఆయనకు చెప్పు చాలు అంది జ్యోత్స్న ఫోన్‌లో, ఎల్లేశం నంబరు చెప్పుండ్రి అన్నాడు, నేను స్టీరింగు వదలకుండా తెరపైన కనిపించిన ఆరంకెలు చదివేశాను, రోజుకి ఎన్నిసార్లు చెప్పం, పార్సిలుకి, క్యాబుకి, గ్యాసు బండకి, దవాఖానలో, బడి బస్సుకి, నంబరు వస్తే చెప్పేయడం, అంతే. ఇప్పుడు పూర్తిగా తెరిచాను. అంకెల తర్వాత ఇంగ్లీషులో రెండు లైన్లున్నాయి. నిశ్చింత, సి ఏడువందల నాలుగు, నివాస బాధ్యత బదిలీకి మీ సమ్మతి సంఖ్య ఇది, ఎవరికీ చెప్పవద్దు.

చదివాను. మళ్ళీ చదివాను. ఎవరికి చెప్పుకోను ఇది, మార్చిలో ఒక బ్యాంకు పనిలో సరిగ్గా ఇదే తప్పు పట్టుకున్నాను, ఓటీపీ మెసేజీలో అంకెలు ముందు పెట్టి అవి దేనికో వెనక పెడితే జనం చదవరు, చదవకుండా చెప్పేస్తారు, మార్చండి అని రాశాను, భరత్ అని ఆ డెవలపరు అది తప్పు కాదు, ఇలాగే ఉండాలి అని నా ఫిర్యాదు మూసేస్తే వాడితో వారం రోజులు పోట్లాడాను, జనం అంత వెర్రివాళ్ళు కాదు మేడం అన్నాడు వాడు, జనం సంగతి నీకేం తెలుసు అన్నాను నేను. ఆ పోట్లాట జరిగిన మీటింగులో జ్యోత్స్న కూడా ఉంది. నీలం కర్టెను ముందు కూర్చుని అంతా వింది. నేను చదవకుండా చెప్పేస్తానని దానికి తెలుసు, ఎందుకంటే గేటు దగ్గర, వెనక బండి హారన్ కొడుతుండగా, తెలిసిన మనిషి చెప్పమంటే ఎవరూ చదవరని దానికి నేర్పింది నేనే. అవినాష్ సంతకం కాదు. అతను కాదు. నేను.

ఈ గంటన్నరా అతన్నే తిట్టుకున్నాను. వస్తే చెప్పాలి. చెప్పాలి కదా. చెప్తే ఏమంటాడు, ఏం కాదులే అంటాడు, అదే నాకు భరించలేనిది, ఒక్కసారైనా కోప్పడితే, నీకు కళ్ళు లేవా అంటే, నాకు తేలిగ్గా ఉంటుంది. చెప్పాక ఏమవుతుంది, ఒకరుండాలి. ఇంటికొకరు. లెక్క చూసుకుంటే ఆ ఒకరు నేనే, తప్పు నాది అన్నది పక్కన పెట్టినా నేనే, ఇంటి నుంచి పని చేసుకోగలిగింది నేను, అవినాష్ యంత్రాల దగ్గర నిలబడాలి, నాలుగు రోజులు రాకపోతే తీసేస్తారు. కాబట్టి నేను. ఏడో అంతస్తు, నీలం కర్టెను, బాల్కనీ కుర్చీ. రసజ్ఞ పరుగు పందేలకి నేను వెళ్ళను. రసజ్ఞ పెద్దమనిషయితే పిలుపులకి వెళ్ళను. మా నాన్నకి ఏదైనా అయితే తునికి వెళ్ళను, ఫోన్‌లో చూస్తాను, మర్నాడు మీటింగులో కూర్చుంటాను, లిఫ్టులో ఎవరో ఏం మనిషిరా బాబూ అంటారు. కాదు, నా వల్ల కాదు, నాకు ఊపిరాడటం లేదు, ఇప్పుడే, కారులోనే, అద్దాలు దించి ఉన్నా ఆడటం లేదు. నా బదులు ఎవర్నైనా పిలవచ్చు. మా చెల్లెలు రజిత ఇల్లు వెతుకుతోంది, దానికి ఐదు నెలల పాప. ఛీ. ఆ ఆలోచన వచ్చినందుకు చెంప వాయించుకోవాలనిపించింది, కానీ వచ్చింది, వచ్చి ఎంతో సేపటికి గానీ పోలేదు. తలెత్తితే సి బ్లాకు ఏడో అంతస్తు బాల్కనీ కనిపిస్తోంది. మొత్తం గోడకి అదొక్కటే ఖాళీ, మిగిలినవాళ్ళందరూ ఆ ఖాళీ వైపు చూస్తున్నారు.

అవినాష్ వచ్చాడు. ఐదూ ముప్పావు అయింది. నవ్వడం లేదు. తొమ్మిదేళ్ళలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు, నెత్తురు లేదు అందులో. శ్రీనివాసరావు గారు రిజిస్టర్లు, ఫొటోలు అన్నీ చూపించి ఉంటారు. నా వైపు కిటికీ దగ్గర వంగాడు, ముందు వెనకసీట్లోకి చూశాడు, పిల్లని.

"ఎల్లేశం చెప్పాడా" అన్నాడు.

"చెప్పాడు."

"నాదే తప్పు ఉమా. ఆ పుస్తకంలో ఏముందో చూడకుండా పెట్టేశాను సంతకం. నువ్వెప్పుడూ తిడుతూనే ఉంటావు."

ఫోన్ నా ఒళ్ళో ఉంది, తెర వెలుగుతూ ఉంది, మెసేజీ తెరిచే ఉంది. దాన్ని బోర్లా తిప్పాను.

"మీరిద్దరూ వెళ్ళచ్చు" అన్నాడు. "ఒకరుంటే చాలంట. రసజ్ఞకి సోమవారం పరీక్ష. ఇంకెవర్నీ పిలవకు ఉమా. శ్రీనివాసరావు గారు చెప్తున్నారు, ఎవరో ఒకర్ని చూసుకోండి, అందరూ అదే చేస్తారు అని. నా వల్ల కాదది. ఎవరి పిల్లల్నో తెచ్చి ఇందులో పెట్టలేను."

ఆగి నా వైపు చూశాడు. అడగలేదు, నీకు ఇంటి నుంచి పని కుదురుతుంది కదా అనలేదు, మనం ముగ్గురం ఇక్కడే ఉందాం అనలేదు, కానీ ఆ చూపు నాకు తెలుసు, నేనొక్క మాట అంటానేమోనని ఆగిన చూపు, వద్దు నువ్వు ఎక్కు అని గానీ, అందరం కలిసే ఉందాం అని గానీ, కనీసం ఇప్పుడెలా అవినాష్ అని ఏడవడం గానీ. అన్నీ నోటి దాకా వచ్చాయి. నేనే ఉంటాను, నేనే చెప్పాను ఆ నంబరు, నీ సంతకం కాదు, అన్న మాటలు పళ్ళ వెనక నిలబడి ఉన్నాయి, నోరు తెరిస్తే చాలు.

"సరే" అన్నాను.

తల ఊపాడు. వెనక తలుపు తీసి, వంగి, రసజ్ఞ చెమట తుడిచాడు, ముద్దు పెట్టబోయి లేస్తుందని ఆగాడు, తలుపు చప్పుడు కాకుండా మూశాడు. గేరు జాగ్రత్త, సెకండ్ దగ్గర పట్టేస్తోంది అన్నాడు. చూడ్డానికి వస్తాంలే అన్నాను, వారం వారం వస్తాం అన్నాను. ఎల్లేశం టాబ్లెట్ మీద వేలు పెట్టాడు. కర్ర లేచింది. అద్దంలో అవినాష్ సి బ్లాకు వైపు నడుస్తున్నాడు, పరిగెత్తలేదు, వెనక్కి తిరగలేదు, ఫ్యాక్టరీకి షిఫ్టుకి వెళ్ళినట్టే నడిచాడు. పై బాల్కనీల్లో వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నా కారు మీంచి చూపు తిప్పుకుని అతని వైపు చూశారు. నేను గేటు దాటాను, సెకండ్ గేరు పట్టేసింది, తిట్టుకుంటూ వేశాను, రోడ్డెక్కాను, గాలి వచ్చింది, మొహం మీద గాలి, ఆ గాలికి నాకు హాయిగా అనిపించింది. ఏడుపు రాలేదు. హాయిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

నల్లగండ్ల సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. రసజ్ఞ లేచి కూర్చుంది, కళ్ళు నులుముకుంది, ముందుసీటు వంక చూసింది.

"నాన్న ఏడి?"

"అక్కడ పనుందిరా. ఉండిపోయాడు."

"రేపు వెళ్దామా నాన్న దగ్గరికి?"

రేపు. మిగిలినవాళ్ళు రావచ్చు పోవచ్చు అన్నాడు ఎల్లేశం, నమ్మేదెలా, వెళ్తే ఆ గేటు దగ్గర ఆపుతారు. నంబరు వస్తుంది, చెప్పమంటారు. ఈసారి పూర్తిగా చదువుతాను, చదివినా చెప్పను, చెప్పకపోతే లోపలికి పంపరు. రేపే కాదు, వచ్చే శనివారం కాదు, ఎప్పుడూ ఆ కర్ర కింద నుంచి లోపలికి నేను వెళ్ళను, ఇది నాకు కాసేపటి కిందటే తెలుసు, వారం వారం వస్తాం అన్నప్పుడే తెలుసు, అతనికీ తెలిసే ఉంటుంది.

"రేపు కాదమ్మా" అన్నాను.

"మరెప్పుడు?"

పచ్చదీపం పడింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. గేరు వేశాను.